వెనక స్పీకర్లకి నిద్రెక్కువ

సౌండ్ ఎలా ఉందని అడిగితే బాగుందనే చెబుతాను. నా గొడవ సౌండ్ గురించి కాదు. హోమ్ థియేటర్ వెనక స్పీకర్లకి గోడల వెంట వైరు లాగకుండా సౌండ్ పంపే ఈ వైర్‌లెస్ కిట్‌లో వెనక పెట్టుకునే ఆంప్లిఫయర్ డబ్బా ఉంది చూడండి, దానికి పావుగంట సిగ్నల్ అందకపోతే అదంతట అదే పడుకుంటుంది. కరెంటు ఆదా కోసమట. వద్దనుకుంటే ఆపడానికి బటనూ లేదు, మెనూ లేదు. మాన్యువల్‌లో దీని గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, అదీ ఏదో వరం ఇచ్చినట్టు.

ఏవీ రిసీవరు (టీవీ సౌండ్‌ని స్పీకర్లకి పంచే పెట్టె), ముందు మూడు స్పీకర్లు, సబ్‌వూఫరు మా ఇంట్లో ముందునుంచీ ఉన్నాయి. సెట్‌తో వచ్చిన వెనక స్పీకర్లు రెండూ మాత్రం అటక మీదే ఉండిపోయాయి. మియాపూర్‌లో అద్దె ఫ్లాట్ మాది. మేకు కొట్టాలన్నా ఓనరుగారిని అడగాలి, ఇక గోడ కోసి పైపు వేయడం అనే మాటే లేదు. నేల మీద నుంచి వైరు లాగుదామంటే మధ్యలో బాల్కనీ తలుపు. అందుకే ఈ కిట్. ట్రాన్స్‌మిటర్ రిసీవరు వెనక ఉన్న ప్రీ-అవుట్‌లకి (వేరే ఆంప్లిఫయర్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్లకి), ఆంప్ డబ్బా సోఫా వెనక, దాన్నుంచి చెరో స్పీకరుకీ వైరు. తక్కువ ధర 5.1 (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు) రిసీవర్లలో చాలావాటికి ఈ ప్రీ-అవుట్‌లు ఉండవు. అలాంటివాళ్ళు స్పీకరు వైరునే నేరుగా తీసుకునే ట్రాన్స్‌మిటర్ ఉన్న కిట్ చూసుకోవాలి.

ఇక నిద్ర సంగతి. సినిమాలో మాటలన్నీ దాదాపుగా మధ్య స్పీకర్లోంచే వస్తాయి. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్లలో వెనక ఛానెళ్ళలో ఏమీ ఉండదు, ఉన్నా ఫ్యాను గాలంత. ఆ కాస్త సిగ్నల్‌ని ఈ డబ్బా లెక్కలోకి తీసుకోదు. సంక్రాంతికి మా అక్కావాళ్ళు వచ్చినప్పుడు బావగారిని సోఫా మధ్యలో కూర్చోబెట్టి, నేను అప్పటికే చూసిన సినిమా ఒకటి పెట్టాను. పెరట్లో అన్నదమ్ముల పంపకాల మాటలు చాలాసేపు నడిచి, సరిగ్గా అవి తెగిపోయే చోట వెనకనుంచి పిడుగు పడుతుంది. ‘బావగారూ, ఇప్పుడు చూడండి’ అన్నాను. పిడుగు పడింది, ముందు మాత్రమే. అది అయిపోయాక వెనక డబ్బాలో టక్‌మని రిలే చప్పుడు, ఆ తర్వాత వాన శబ్దం మొదలైంది. ‘ఏదోయ్, వెనకనుంచి అన్నావు?’ అన్నారాయన. మా అక్క నవ్వు ఆపుకోలేదు.

కస్టమర్ కేర్ వాళ్ళు అది లోపం కాదు, డిజైనే అంత అన్నారు. చివరికి పనికొచ్చిన ఉపాయం ఇది: రిసీవరు సెట్టింగుల్లో వెనక ఛానెళ్ళ లెవల్ బాగా పెంచి, డబ్బా మీదున్న వాల్యూమ్ నాబ్‌ని ఆ మేరకు తగ్గించాను. చెవికి వినపడేది అంతే, కానీ డబ్బాలోకి వెళ్ళే సిగ్నల్ గట్టిగా ఉంటుంది కాబట్టి చిన్న చిన్న చప్పుళ్ళకి కూడా మేలుకునే ఉంటుంది. సినిమా ఆపినప్పుడు స్పీకర్లోంచి వచ్చే బుస్స్ మనే శబ్దం కూడా తగ్గింది. ఇప్పుడు అరుదుగా పడుకుంటుంది గానీ, పడుకోదని మాటివ్వలేను. క్రికెట్ మ్యాచ్‌కి మాత్రం ఎప్పుడూ పడుకోలేదు. అప్‌మిక్సర్ (మామూలు స్టీరియో సౌండ్‌ని అన్ని స్పీకర్లకీ పంచే సెట్టింగు) ఆన్‌లో ఉంటే జనం గోలంతా వెనక్కే వెళ్తుంది కదా.

ఈ కిట్ మీద నాకు కోపం పూర్తిగా రాకపోవడానికి కారణం ఇంకొకటి ఉంది. గాలిలో పంపే సౌండ్ కాస్త ఆలస్యంగా అందుతుంది, అది తెలిసిందే. బ్లూటూత్ అయితే ఆ ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటడం మామూలే. అందుకే రెండు బ్లూటూత్ స్పీకర్లు వెనక పెట్టుకోమనే షాపువాళ్ళ సలహా వినకండి. ఈ కిట్‌తో ఆటో కాలిబ్రేషన్ (స్పీకర్ల దూరం, లెవల్ రిసీవరే మైకుతో కొలుచుకునే పద్ధతి) మైకు పెట్టి నడిపితే, టేపుతో కొలిస్తే 2 మీటర్లున్న వెనక స్పీకర్లని రిసీవరు 7.5 మీటర్ల దూరంలో చూపించింది. మా హాలే అంత పొడవు లేదు! అది తప్పు లెక్క కాదు. ఆ అదనపు 5.5 మీటర్లు సుమారు 16 మిల్లీసెకన్ల ఆలస్యం. రిసీవరు దాన్ని దూరం కింద లెక్కేసుకుని, ముందు స్పీకర్ల సౌండ్‌ని కూడా అంతసేపు ఆపి, అన్నీ కలిపి నా చెవికి అందిస్తోంది. ఆ అంకెని మాత్రం మీరు టేపు పట్టుకుని సరిచేయకండి.

కొన్న కొత్తలో సిగ్నల్ అస్సలు తెగదని ఆఫీసులో అందరికీ చెప్పాను. ఇప్పటికీ చెబుతాను, కానీ రౌటర్ సంగతి కలిపి చెబుతాను. ఇది 5.8 గిగాహెర్ట్జ్ మీద నడిచే కిట్. మైక్రోవేవ్ ఓవెన్ గొడవ దీనికి లేదు, అది 2.4 వైపు. కానీ కొత్త వైఫై రౌటర్ వచ్చాక చిటపటలు మొదలయ్యాయి. రౌటర్ తనంతట తాను 149వ ఛానెల్ ఎంచుకుంది, అది 5.8కి ఆనుకునే ఉంటుంది. 36కి మార్చి లాక్ చేస్తే ఆగింది. పక్క ఫ్లాట్ వాళ్ళ రౌటర్ మీద మనకి హక్కు లేదు కాబట్టి అప్పుడప్పుడూ ఒక చిటపట ఉంటుంది.

పేరుకి వైర్‌లెస్సే గానీ వెనక ప్లగ్ పాయింట్ కావాలి. మాకు అక్కడున్న పాయింట్ ఇన్వర్టర్ లైన్లో లేదు. కరెంటు పోతే టీవీ, రిసీవరు నడుస్తూనే ఉంటాయి, వెనక స్పీకర్లు మాత్రం ఆగిపోతాయి.

కొనొచ్చా అంటే, నాలా అద్దింట్లో ఉండి, హాలు చిన్నదై, రిసీవరుకి ప్రీ-అవుట్ ఉంటే కొనొచ్చు. సొంతిల్లు కట్టుకుంటూ ఉంటే మాత్రం వైరింగ్ జరిగేటప్పుడే ఎలక్ట్రీషియన్‌తో వెనక గోడ దాకా ఒక పైపు వేయించి, మంచి రాగి స్పీకరు వైరు లాగించుకోండి, ఈ కిట్ ధరలో నాలుగో వంతు కూడా కాదు. ఏ కంపెనీ కిట్ కొన్నా డబ్బు కట్టే ముందు ఆటో స్టాండ్‌బై, అంటే ఈ నిద్ర, ఆపుకునే వీలుందా అని అడగండి. షాపతనికి తెలియకపోతే మాన్యువల్ తీసి చూపించమనండి.