స్ప్రింగా, సోలెనాయిడా: టర్బో బూస్ట్‌కు ఏది మేలు?

టర్బో ఇంజనులో బూస్ట్ (టర్బో ఇంజనులోకి నెట్టే గాలి ఒత్తిడి) పెంచాలంటే వేస్ట్‌గేట్‌కు (ఎగ్జాస్ట్ వాయువును పక్కకు మళ్లించే కవాటానికి) గట్టి స్ప్రింగు వేయాలా, సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న గాలి కవాటం) పెట్టించాలా? రోజూ రోడ్డు మీద తిరిగే కారుకైతే మెత్తటి స్ప్రింగు వేసి, దానికి తోడు సోలెనాయిడ్ పెట్టడమే సరైనదని నా గట్టి అభిప్రాయం.

స్ప్రింగు పని సూటిగా ఉంటుంది. టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ నుంచి సన్నని గొట్టంలో వచ్చే గాలి వేస్ట్‌గేట్‌లోని డయాఫ్రంను (వంగే పలుచని పొరను) నెడుతుంది. ఆ బలం స్ప్రింగును మించితే కవాటం తెరుచుకుని, ఎగ్జాస్ట్ వాయువు టర్బోను తిప్పే టర్బైన్ చక్రం జోలికి పోకుండా పక్కదారి పడుతుంది. వైరింగు లేదు, ట్యూనింగు లేదు. కానీ 7 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలమానం) స్ప్రింగు సరిగ్గా 7 దగ్గర ఠక్కున తెరుచుకోదు. ముందు నుంచే కొద్దికొద్దిగా విచ్చుకుంటుంది, ఎగ్జాస్ట్ ఒత్తిడి కూడా దాన్ని తోస్తుంది. టర్బో వేగం పుంజుకోవలసిన ఘడియలోనే వాయువు జారిపోతుంది.

సోలెనాయిడ్ ఆ గాలినే అదుపు చేస్తుంది. ఈసీయూ (ఇంజను కంప్యూటరు) ఆజ్ఞ మీద సెకనుకు 20, 30 సార్లు తెరుచుకుని మూసుకుంటూ డయాఫ్రంకు చేరే ఒత్తిడిని తగ్గిస్తుంది. లక్ష్యం దగ్గరపడేదాకా కవాటం మూసే ఉంటుంది కనుక బూస్ట్ త్వరగా అందుతుంది. 7 పీఎస్‌ఐ స్ప్రింగుతో మూడు దారుల (కంప్రెసర్‌కు, వేస్ట్‌గేట్‌కు, బయటికి) సోలెనాయిడ్ సాధారణంగా 12–14 దాకా తీసుకెళ్తుంది. మొదటి గేరులో తక్కువ, మూడో గేరులో ఎక్కువ ఇవ్వగలదు. సాబ్ సంస్థ 1982లోనే ఏపీసీ పేరుతో నాక్‌ను (సిలిండరులో ఇంధనం అదుపు తప్పి పేలడాన్ని) పసిగట్టే సెన్సర్‌ను, సోలెనాయిడ్‌ను జతచేసింది. పెట్రోలు నాణ్యత తగ్గి నాక్ మొదలైతే బూస్ట్ దానంతటదే తగ్గేది. ఒంటరి స్ప్రింగుకు ఇది చేతకాదు.

మెత్తటి స్ప్రింగే ఎందుకంటే, సోలెనాయిడ్‌కు కరెంటు ఆగితే మిగిలేది స్ప్రింగు ఒత్తిడే. అంతకంటే కిందికి బూస్ట్ దించడం సోలెనాయిడ్‌కు సాధ్యం కాదు. 14 పీఎస్‌ఐ స్ప్రింగు వేసుకుంటే, నాసిరకం పెట్రోలు పోయించిన రోజు కూడా 14 తప్పదు. అలాగని కోరుకున్న బూస్ట్‌లో సగానికి తక్కువ స్ప్రింగు కూడా వద్దు, పై రెవ్‌లలో (ఇంజను వేగంగా తిరిగేటప్పుడు) అది కవాటాన్ని మూసి ఉంచజాలదు.

గొట్టాలు బిగించే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. సోలెనాయిడ్‌కు కరెంటు ఇవ్వకుండా దాని కంప్రెసర్ వైపు దారిలో నోటితో ఊదితే గాలి వేస్ట్‌గేట్ వైపు దారిలోంచి రావాలి. రాకపోతే దారులు తారుమారైనట్టే. అలాగే బిగిస్తే బూస్ట్‌కు పగ్గం ఉండదు, ఇంజను పోతుంది.

ట్రాక్ మీద ఒకే ఇంధనంతో, ఒకే బూస్ట్‌తో నడిపేవారికి సరిపడిన స్ప్రింగొక్కటే చాలు.

సోలెనాయిడ్‌ను పక్కకు తప్పించి స్ప్రింగు మీదే నడిపినా రెవ్‌లతోపాటు బూస్ట్ పాకిపోతుంటే మాత్రం రెండింటిలో ఏదీ పనికిరాదు. వేస్ట్‌గేట్ రంధ్రం చిన్నదై వాయువు పోవడానికి దారి చాలడం లేదన్నమాట. ఆ రంధ్రాన్ని పెద్దది చేయించాలి, లేదా పెద్ద వేస్ట్‌గేట్ బిగించాలి.