పుట్టపాక మగ్గాల నుంచి ఉత్తరాలు: లిస్ట్‌మాంక్‌తో మూడేళ్లు

మా మామగారు నలభై ఏళ్లుగా మగ్గం నేస్తున్నారు. 2019 వరకూ తాను నేసిన చీర ఎవరు కట్టుకున్నారో ఆయనకు ఒక్కసారి కూడా తెలియలేదు. చీర మగ్గం దిగేది, షావుకారు ఇంటికి వెళ్లేది, అక్కడి నుంచి హైదరాబాదు దుకాణం చేరేది. కట్టుకున్న మనిషి పేరు మాత్రం తిరిగి మా ఊరికి వచ్చేది కాదు. నేను ఇక్కడ రాస్తున్నది కొన్నవాళ్లకు ఈమెయిల్ ఉత్తరాలు పంపడానికి మేము వాడే లిస్ట్‌మాంక్ అనే ఒక సాఫ్ట్‌వేర్ గురించే అయినా, దాన్ని కొలిచేది ఈ ఒక్క విషయంతోనే: కొన్నవాళ్ల పేర్లు మా దగ్గర నిలిచాయా, లేదా?

మాది పుట్టపాక. సంస్థాన్ నారాయణపురం మండలం. పాత నల్లగొండ జిల్లా. 2016 నుంచి యాదాద్రి భువనగిరి. పదకొండు కుటుంబాలం కలిసి ఇక్కత్ చీరలు, దుపట్టాలు, తేలియా రుమాళ్లు నేరుగా అమ్ముకుంటున్నాం. ఉత్తరాల పని నాది.

2019లో హైదరాబాదులో ఒక ప్రదర్శనకు వెళ్లినప్పుడు మా బల్ల మీద ఒక రూళ్ల పుస్తకం పెట్టాం. కొత్త చీరల కబురు కావాలనుకునేవారిని ఈమెయిల్ చిరునామా రాసి వెళ్లమని అడిగాం. నూట ఎనభై మంది రాశారు. మొదటి ఉత్తరం మామూలు జీమెయిల్ నుంచే వెళ్లింది. చిరునామాలన్నీ ‘సీసీ’ గడిలో వరుసగా అతికించి పంపేశాను. గంట గడవకముందే ఒకామె జవాబు వచ్చింది: ‘నా చిరునామాను ఇంతమందికి ఎందుకు చూపించారు?’ ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. అందరి చిరునామాలూ అందరికీ కనిపించాయి. తప్పు పూర్తిగా నాదే. ఒక్కొక్కరికీ విడిగా క్షమాపణ రాయడానికి రెండు రోజులు పట్టింది. తర్వాత ఒకరి చిరునామా మరొకరికి కనిపించని ‘బీసీసీ’లో పెట్టి పంపడం నేర్చుకున్నాను గానీ, అదీ ఎంతో దూరం రాదు. సొంత జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపలేం. ఎవరికి చేరలేదో లెక్క ఉండదు. వద్దనుకున్నవారు తమంతట తాము తప్పుకునే దారీ ఉండదు.

వాట్సాప్ ఉండగా ఈమెయిల్ ఎందుకని మా ఊళ్లో చాలామంది అడిగారు. వాట్సాప్ ప్రసార జాబితాలో 256 మందికే చోటు. అదీ మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే చేరుతుంది. వ్యాపార ఎస్ఎంఎస్ పంపాలంటే ముందు టెలికాం సంస్థల దగ్గర డీఎల్‌టీ నమోదు చేయించుకోవాలి, సందేశపు నమూనాకు అనుమతి తెచ్చుకోవాలి. పైగా ఇంగ్లిషులో 160 అక్షరాలు పట్టే చోట తెలుగులో 70 మాత్రమే పడతాయి. అందులోనూ గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘ఇక్కత్’ అన్న చిన్న మాటకే ఆరు ఖర్చయిపోతాయి. చిటికి కట్టడం (రంగు అంటకుండా నూలుకు అక్కడక్కడా కట్లు వేయడం) ఎలాగో, రంగు ఎన్నిసార్లు ముంచామో డెబ్బైలో చెప్పలేం.

2020 లాక్‌డౌన్‌లో నేసిన సరుకు పెట్టెల్లో పేరుకుపోయింది. షావుకార్లు కొనడం ఆపేశారు. ఆ రూళ్ల పుస్తకమే అప్పుడు మా ఇళ్లలో పొయ్యి వెలిగించింది. ఉత్తరం అందుకున్నవారు కొన్నారు, తెలిసినవారికి చెప్పారు. జాబితా పెరిగాక ఒక విదేశీ సేవలో డబ్బు కట్టి చేరాను. పేరు రాయను. వాడటానికి సులువుగానే ఉండేది. బొమ్మను లాగి పెడితే చాలు, ఉత్తరం తయారయ్యేది. అయితే వాళ్లు రుసుము లెక్కగట్టేది పంపిన ఉత్తరాలను బట్టి కాదు, చిరునామాల సంఖ్యను బట్టి. వద్దని తప్పుకున్నవారిని కూడా ఆ సంఖ్యలో కలిపేవారు. ఏడాది తర్వాత ఆ సంగతి గమనించాను.

అసలు దెబ్బ 2021 అక్టోబరులో తగిలింది. కార్డుల నుంచి నెలనెలా వాటంతట అవే జరిగిపోయే చెల్లింపులకు రిజర్వు బ్యాంకు పెట్టిన కొత్త నిబంధనలు ఆ నెల 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మా కార్డు నుంచి డాలర్ల చెల్లింపు ఆగింది. దసరాకు రెండు వారాలు ఉందనగా ఖాతా స్తంభించింది. ఉత్తరం పంపలేకపోవడం ఒక బాధ. బాకీ తీరేదాకా మా జాబితాను మేము దించుకోలేకపోవడం అంతకంటే పెద్ద బాధ. కొన్నవారి పేర్లు షావుకారు దగ్గర ఉండిపోయిన పాత రోజులే మళ్లీ కళ్ల ముందుకు వచ్చాయి. ‘మన పుస్తకం మన దగ్గరే ఉండాలి బిడ్డా’ అన్నారు మామగారు. ఆ మాటతోనే లిస్ట్‌మాంక్ వెతుకులాట మొదలైంది.

లిస్ట్‌మాంక్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. షేర్ బ్రోకరేజీ సంస్థ జెరోధా సాంకేతిక విభాగాన్ని నడిపే కైలాష్ నాధ్ రూపొందించారు. డబ్బు కట్టక్కర్లేదు. చిరునామాలన్నీ మనం అద్దెకు తీసుకున్న సర్వర్‌లో, మన డేటాబేస్‌లోనే ఉంటాయి. ఎన్ని వేల పేర్లున్నా అది రూపాయి అడగదు. ఇంజినీరింగ్ చదివిన మా మరిది ఒక ఆదివారం కూర్చుని దాన్ని నిలబెట్టాడు. సర్వర్ అద్దె నెలకు ఐదారు వందల రూపాయలు పడుతోంది.

అయితే లిస్ట్‌మాంక్ ఉత్తరాలను సిద్ధం చేసి వరుసలో పెడుతుందే తప్ప, మోసుకెళ్లే తపాలా మనిషిని మనమే చూసుకోవాలి. మేము అమెజాన్ వారి ఈమెయిల్ పంపే సేవ ఎస్ఈఎస్ తీసుకున్నాం. వెయ్యి ఉత్తరాలకు పది అమెరికన్ సెంట్లు, అంటే పది రూపాయల లోపే. కొత్తవారిని మొదట పరిమిత దశలో ఉంచుతారు. 24 గంటల్లో 200 ఉత్తరాలే పంపాలి, అవీ ముందుగా ధ్రువీకరించిన చిరునామాలకే. ఆ దశ దాటాలంటే ఏమి పంపుతాం, చిరునామాలు ఎలా వచ్చాయి, వద్దన్నవారిని ఎలా తొలగిస్తాం అని రాసి ఇవ్వాలి. రూళ్ల పుస్తకం సంగతి ఉన్నది ఉన్నట్టు రాశాను, అనుమతి వచ్చింది. అలా అడగడం నాకు నచ్చింది. ఎవరినీ అడగకుండా పంపేవాళ్లతో కలిస్తే మన ఉత్తరాలకూ చెడ్డపేరు వస్తుంది.

మొదటి నెలలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది మా పుస్తకంలోని చేతిరాతే. ఎల్ అక్షరమా, ఒకటి అంకెనా? సున్నానా, ఓ అక్షరమా? అంచనాతో ఎక్కించిన చిరునామాలు వరుసగా తిరిగొచ్చాయి. పంపినవాటిలో 5 శాతానికి మించి తిరిగొస్తే ఎస్ఈఎస్ ఖాతాను పరిశీలనలో పెడుతుంది, 10 శాతం దాటితే పంపడమే ఆపేయవచ్చు. స్పామ్ అని ఫిర్యాదులైతే వెయ్యికి ఒకటి వచ్చినా పరిశీలన మొదలవుతుంది. అప్పటి నుంచి ప్రదర్శనల్లో పుస్తకం బదులు ఫోను ఇస్తున్నాం. కొనేవారే స్వయంగా చిరునామా టైపు చేస్తారు. వెంటనే వారికి ఒక ఉత్తరం వెళుతుంది, అందులోని లంకె నొక్కితేనే పేరు జాబితాలో చేరుతుంది. లిస్ట్‌మాంక్‌లో ఈ రెండంచెల అంగీకారానికి ఏర్పాటు ఉంది. లంకె నొక్కనివారు కొందరు ఎప్పుడూ ఉంటారు, వారి పేర్లు పోతాయి. పోనివ్వండి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 కూడా సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలంటోంది. మా ఉత్తరాల్లో తప్పుకునే లంకెను సన్నని అక్షరాల్లో దాచం. చీర ధర రాసినంత స్పష్టంగా రాస్తాం.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నియమాలు కఠినమయ్యాయి. జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000కు పైగా పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు ధ్రువీకరణ ఏర్పాట్లూ ఉండాలి, ఒక్క నొక్కుతో తప్పుకునే వీలుండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. మా సంఖ్య దాని దరిదాపుల్లో లేకపోయినా మూడూ పెట్టుకున్నాం. నేతవాళ్లకు డీకిమ్ అర్థం కావడానికి నేను చెప్పేది ఒకటే: చీరకు కుట్టే చేనేత మార్కు లాంటిది అది. ఉత్తరం నిజంగా మా డొమైన్ నుంచే వచ్చిందనీ, దారిలో ఎవరూ మార్చలేదనీ దాన్ని బట్టి తేలుతుంది. ఏ యంత్రాలకు మా పేరుతో పంపే అధికారం ఉందో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. ఈ రెండు పరీక్షల్లోనూ తప్పినదాన్ని ఏం చేయాలో డీమార్క్ చెబుతుంది. అమర్చడానికి ఒక పూట పట్టింది. అంతకుముందు స్పామ్‌లో పడుతున్నాయని చెప్పిన పాత కొనుగోలుదారులు కొందరు, ఇప్పుడు నేరుగా కనిపిస్తున్నాయని రాశారు.

తెలుగులో రాసేవారికి ఒక హెచ్చరిక. జీమెయిల్ 102 కిలోబైట్లు దాటిన ఉత్తరాన్ని మధ్యలో కత్తిరించి, మిగతాది చూడటానికి లంకె పెడుతుంది. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి, ఇంగ్లిషు అక్షరానికి ఒకటే. మాటలతోనే అంత బరువు రాదు గానీ, వేరే చోట రాసుకుని అతికిస్తే దాని వెంట వచ్చే అలంకరణ సంకేతాలతో ఉత్తరం ఉబ్బిపోతుంది. ఒకసారి నా ఉత్తరం అలాగే తెగింది. తెగిన భాగంలోనే తప్పుకునే లంకె ఉండిపోయింది. ఇప్పుడు అలంకరణ లేని పాఠాన్నే అతికిస్తాను. అక్షరాలను బొమ్మగా చేసి పంపడం మాత్రం వద్దు. బొమ్మలు తెరుచుకోని చోట ఖాళీ కాగితం కనిపిస్తుంది, చూపు లేనివారికి చదివిపెట్టే యంత్రాలకూ అది అందదు. బెంగళూరు, పుణెలోని కొనుగోలుదారులకు ఇంగ్లిషు జాబితా విడిగా ఉంది. జవాబులు ఎక్కువగా వచ్చేది తెలుగు జాబితా నుంచే.

ఎంతమంది తెరిచారన్న లెక్కను నేను నమ్మడం మానేశాను. 2021లో ఆపిల్ తన మెయిల్‌లో తెచ్చిన గోప్యత ఏర్పాటు, మనిషి తెరవకపోయినా తెరిచినట్టు చూపిస్తుంది. ఎవరెవరు తెరిచారో పేరుపేరునా లిస్ట్‌మాంక్ మొదటి అమరికలో చూపదు. దాన్ని అలాగే ఉంచాను. మాకు అక్కరకొచ్చే లెక్క జవాబులదే.

అన్నిటికంటే ఎక్కువ జవాబులు తెచ్చిన ఉత్తరంలో అమ్మకమే లేదు. ఒక వానాకాలం గుంట మగ్గాల్లోకి నీళ్లు ఊరాయి. కాళ్లు పెట్టే గుంటలో మోకాలి కింది దాకా నీళ్లు. పడుగు తడిస్తే నెలల పని పోతుంది. ఆరు మగ్గాలు ఆగాయి, బయానా తీసుకున్న చీరలు ఆలస్యమయ్యాయి. దాచకుండా రాశాను. గుంట ఫొటో పెట్టాను, ఏ మగ్గం మీద ఎవరి చీర ఆగిందో చెప్పాను, బయానా వెనక్కి కావాలంటే ఇస్తామన్నాను. ఎవరూ అడగలేదు. ‘నీళ్లు ఆరాకే నేయండి, మీ కాళ్లు జాగ్రత్త’ అని ఒక పెద్దావిడ వరంగల్లు నుంచి రాశారు. దాన్ని మా అత్తయ్యకు చదివి వినిపిస్తే కండెలు చుట్టడం ఆపి మళ్లీ చదవమన్నారు. ఆ తర్వాత తేలియా రుమాలు గురించి, ఆముదం కాయల బూడిదలో, నూనెలో నూలును రోజుల తరబడి నానబెట్టి ఆరబెట్టే పని గురించి రాశాను. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరికీ తెలుసు. ఆ నూనె వాసన ఉతికేకొద్దీ తగ్గుతుందని కొనేవారికి తెలియదు. అంతకుముందు వాసన వస్తోందని తిప్పి పంపినవారు ఇద్దరున్నారు. ఆ ఉత్తరం తర్వాత ఎవరూ పంపలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. సర్వర్ చూసుకునే మనిషి ఇంట్లో లేకపోతే లిస్ట్‌మాంక్ జోలికి వెళ్లవద్దు. కొత్త వెర్షన్ వేసుకోవడం, నకలు తీసి దాచడం, తిరిగొచ్చిన ఉత్తరాల కబురు ఎస్ఈఎస్ నుంచి దానికి అందేలా కలపడం ఇవన్నీ మన పనులే. చివరిది మా మరిదికీ రెండు రోజులు పట్టింది. ఉత్తరపు రూపం దిద్దుకోవడానికి కాస్త హెచ్‌టీఎంఎల్ రావాలి. నేను నేర్చుకున్నాను, నాలుగు నెలలు పట్టింది. ఇంత ఓపిక లేనివారు బ్రెవో అనే ఈమెయిల్ సేవలో ఉచిత ఖాతా చూడవచ్చు, రోజుకు 300 ఉత్తరాలకు అనుమతి ఉంటుంది. చెన్నై నుంచి వచ్చిన జోహో క్యాంపెయిన్స్ కూడా ఉంది. ఏది తీసుకున్నా, జాబితా మొత్తాన్ని ఎప్పుడంటే అప్పుడు దించుకోగలమా అని చేరేముందే చూసుకోండి.

ఇప్పుడు మా జాబితాలో పన్నెండు వందల మంది ఉన్నారు. రెండేళ్లుగా చీర కొననివారికి, జవాబు రాయనివారికి ఈ నెలలో ఒక చిన్న ఉత్తరం పంపుతున్నాను, మా కబుర్లు ఇంకా కావాలా అని అడుగుతూ. బదులివ్వనివారి పేర్లు తీసేస్తాను. ఆగస్టు 7 చేనేత దినోత్సవం ఉత్తరానికి ముందే ఆ పని ముగియాలి. నెలకోసారి జాబితాను దించి అచ్చు తీసి ఇస్తాను. మామగారు దాన్ని డిజైన్ల గ్రాఫు కాగితాలుండే ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తారు.