ప్రాగ్‌లో మూడు గంటల గడువు

చెక్ దేశ రాజధాని ప్రాగ్ వెళ్లే తెలుగువారందరికీ ముందుగా ఒక సంగతి చెప్పాలి. చెక్ దేశంలో డబ్బు మార్పిడి దుకాణంవారు మీకు అన్యాయమైన రేటు కట్టి పంపితే, మూడు గంటల లోపు అదే రసీదుతో తిరిగి వెళ్లి, మీరిచ్చిన యూరోలను పూర్తిగా వెనక్కి తీసుకునే హక్కు మీకుంది. 2019 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఈ నిబంధన వెయ్యి యూరోల విలువ వరకు వర్తిస్తుంది. నాకు ఈ సంగతి చెప్పింది జగిత్యాలలో పుట్టి పెరిగి, ఇప్పుడు జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉద్యోగం చేస్తున్న నా పాత యాత్రా స్నేహితురాలు. ఆమె చెప్పి ఉండకపోతే ఆరు వేలకు పైగా రూపాయలకు నీళ్లు వదులుకుని హనుమకొండకు తిరిగి వచ్చేదాన్ని.

మేమిద్దరం కలిసింది కేదార్‌నాథ్ దారిలో. గౌరీకుండ్ నుంచి పైకి నడుస్తుండగా వాన ముంచుకొస్తే ఒక టీ కొట్టు రేకుల కింద నిలబడ్డాం. అక్కడ ఆమె ఫోనులో వాళ్లమ్మతో మాట్లాడుతున్న యాస విని, మన దిక్కు అమ్మాయేనని పలకరించాను. అక్కడి నుంచి గుడి వరకు కలిసి నడిచాం, ఆ తరువాత సెలవు దొరికినప్పుడల్లా ఆర్టీసీ బస్సుల్లో రామప్ప, కాళేశ్వరం, కుంటాల జలపాతం తిరిగాం. ఆమె చదువుకోసం జర్మనీ వెళ్లిపోయాక మా స్నేహం ఫోను వరకే మిగిలింది. 2024 సెప్టెంబరులో నేను ఒంటరిగా, వీపున ఒక్క సంచితో యూరప్ బయలుదేరుతున్నానని తెలిసి, ప్రాగ్‌కు తానే వస్తానని మాట ఇచ్చింది.

ఆ ఏడాది జూన్‌లోనే యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా రుసుమును 80 నుంచి 90 యూరోలకు పెంచారు కాబట్టి ఆ మేరకు ఖర్చు ఎక్కువైంది. బుడాపెస్ట్, వియన్నా రెండూ ఏ చిక్కూ లేకుండా గడిచాయి. వియన్నాలో అప్పట్లో 8 యూరోలున్న రోజు టికెట్టు కొంటే మెట్రో, ట్రాము, బస్సు అన్నీ ఎక్కవచ్చు, కొళాయి నీళ్లు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తాయి గనుక సీసా నీళ్లు కొనే అవసరమే లేదు. అక్కడి నుంచి ప్రాగ్‌కు రైలులో సుమారు నాలుగు గంటల ప్రయాణం.

చిక్కంతా ప్రాగ్‌లో మొదలైంది. నేను దిగిన హాస్టల్లో రిసెప్షన్‌లోని అమ్మాయి, రాత్రికి మనిషికి 50 కొరూనాల (కొరూనా చెక్ దేశపు నాణెం) నగర పన్ను, 200 కొరూనాల తాళంచెవి డిపాజిట్టు నగదుగానే కట్టాలని, యూరోలు గానీ కార్డు గానీ తీసుకోమని, అవి కట్టేదాకా సంచి లోపల పెట్టనివ్వనని ఖరాఖండిగా చెప్పింది. గదికి డబ్బు ముందే చెల్లించిన మనిషిని వాకిట్లో నిలబెట్టడం నాకు చాలా కష్టంగా తోచింది. సంచి మోసుకుంటూనే పాత నగర కూడలి దగ్గర ఒక మార్పిడి కౌంటరుకు వెళ్లాను. బయట బోర్డు మీద కమిషన్ సున్నా అని, యూరోకు 24కు పైగా ఇస్తామని పెద్ద అంకెలలో ఉంది. రెండు వందల యూరోలకు ఎంత వస్తుందని అడిగితే, అద్దం వెనక ఉన్న యువకుడు ఆ బోర్డు వైపే వేలు చూపించాడు. నాలుగు యాభై నోట్లు లోపలికి జరిపాక బయటికి వచ్చినవి 3,300 కొరూనాలు మాత్రమే. ఆ రోజు న్యాయమైన రేటుకు దాదాపు 4,950 రావాలి. ఇదేమిటని అడిగితే, బోర్డు మీది రేటు పెద్ద మొత్తాలకేనని, రసీదు ముద్రించాక ఇక చేసేదేమీ లేదని చెప్పి, నా వెనక నిలబడినవారిని పిలిచాడు.

ఒకటిన్నర దాటాక స్నేహితురాలి రైలు వచ్చింది. ప్రాగ్ ప్రధాన స్టేషన్లో ఇన్నేళ్ల తరువాత ఒకరినొకరు చూసుకుని సంతోషపడే క్షణంలో కూడా నా ముఖంలోని దిగులు ఆమె పసిగట్టింది. జరిగింది చెప్పగానే, "రసీదు ఉన్నదా, పారేసినవా అక్కా?" అని అడిగింది. జేబులోంచి తీసి ఇస్తే దాని అంచున ముద్రించిన సమయాన్ని వేలితో చూపించింది. అది 11:42. అప్పటికి రెండు కావడానికి పది నిమిషాలుంది. "నడువు, ఇంకా యాభై నిమిషాలున్నయ్. వాని దగ్గరికే పోదాం" అంటూ తన సంచి కూడా దించకుండా ముందుకు కదిలింది. ట్రాము కోసం ఆగకుండా, నల్లబడిన పౌడర్ టవర్ పక్కనుంచి త్సెలెట్నా వీధి గుండా పాత నగర కూడలికి నడిచాం.

ఆ యువకుడు మొదట మమ్మల్ని గుర్తుపట్టనట్టే నటించాడు, తరువాత మేనేజరు లేడన్నాడు, ఆపైన సాయంత్రం రమ్మన్నాడు. ఆమె గొంతు పెంచలేదు. రసీదును, నేను ముట్టని 3,300 కొరూనాలను అద్దం కింది పళ్లెంలో పెట్టి, మూడు గంటల నిబంధన చెప్పి, ఇవ్వకపోతే ఈ దుకాణాలను పర్యవేక్షించే చెక్ నేషనల్ బ్యాంకుకు అక్కడి నుంచే ఫిర్యాదు పంపుతానని ఫోను తీసింది. అతను సొరుగులోంచి ఒక పత్రం తీసి, నా సంతకం తీసుకుని, నాలుగు యాభై యూరోల నోట్లు బయటికి నెట్టాడు. పైసా కోత లేదు. గడియారం 2:25 చూపిస్తోంది. రెండు వీధుల అవతల మరో దుకాణంలో ముందుగా చేతికి వచ్చే మొత్తాన్ని కాగితం మీద రాయించుకుని, అవే నోట్లకు 4,950 కొరూనాలు తీసుకున్నాం. అలా రాయించుకోనిదే ఎక్కడా నోట్లు చేతికివ్వవద్దు. బ్యాంకు ఏటీఎం వాడేవారు తెర మీద రూపాయల్లో లెక్క చూపిస్తే ఒప్పుకోకుండా కొరూనాల్లోనే తీసుకోవాలి.

అప్పుడే మూడవుతోంది, 1410 నాటి ఖగోళ గడియారం ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. గంట కొట్టినప్పుడు పైన కిటికీల్లో కదిలే బొమ్మల కోసం అరగంట ముందే నిలబడడం అనవసరమని నా అభిప్రాయం. తీరిక సమయంలో వెళ్లి, ఆ గడియారపు పళ్లెం మీది వలయాలను నిదానంగా చూడాలి. చార్లెస్ వంతెనకు మాత్రం తెల్లవారుజామునే వెళ్లండి. దానికి పునాది వేసింది 1357లో, అంటే మన ఓరుగల్లు పతనమైన 1323కు ముప్పై నాలుగేళ్ల తరువాత. మా కోట కీర్తి తోరణాల కింద తిరిగి పెరిగినదాన్ని గనుక, అంత పాత రాతి కట్టడం మీద నేటికీ జనం రాకపోకలు సాగడం చూసి నాకు అసూయ కలిగింది.

ప్రాగ్‌లో నేను తిన్న అన్నిటికంటే గొప్ప భోజనం ఆ హాస్టల్ వంటగదిలోనే దొరికింది. వేయించిన చీజు, బంగాళాదుంపలు రెండు పూటలు తినేసరికి శాకాహారిగా నా నోరు చచ్చిపోయింది. ప్రాగ్‌లో వియత్నాం వారి దుకాణాలు చాలా ఉన్నాయి. ఆమె అలాంటి ఒకదాంట్లో బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, ఉల్లిపొరక కొని, హనుమకొండ నుంచి నేను తెచ్చిన కారం కలిపి సర్వపిండి చేసింది. గంజు లేదు గనుక అడుగు మందమైన ఒక గిన్నెలో పిండిని అంచుల దాకా పలుచగా ఒత్తి, వేలితో గుంటలు పెట్టి, ఒక్కో గుంటలో నూనె పోసి, మూత పెట్టి కరెంటు పొయ్యి మీద సన్నని వేడి మీద ఉంచింది. మొదటిది తీశాక, రెండోది ఒత్తడానికి ముందు గిన్నె బయటి వైపు కొళాయి కింద పెట్టి చల్లార్చింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు పోలండ్ అమ్మాయిలు కారానికి కళ్లు తుడుచుకుంటూనే రెండో ముక్క అడిగారు. ఆ రాత్రి ఆమె తన తల్లి గురించి చాలాసేపు మాట్లాడింది. తండ్రి పోయాక తల్లి జగిత్యాలలో ఒంటరిగా ఉంటోందట, డ్రెస్డెన్ ఉద్యోగం వదల్లేక, అక్కడి మనిషిని మరవలేక నా స్నేహితురాలు నలిగిపోతోంది. నేను జగిత్యాల వెళ్లి అమ్మను చూసి వస్తానని చెప్పాను.

నగదు గొడవను మినహాయిస్తే ఆ హాస్టల్ గురించి కూడా మరీ చెడ్డ మాట చెప్పలేను. ఆడవారి గది శుభ్రంగా, భద్రంగా ఉంది, వంటగది విశాలంగా ఉంది, తాళంచెవి డిపాజిట్టు అడగకుండానే తిరిగి ఇచ్చారు. కొరూనాలు ముందే చేతిలో ఉంచుకుని వెళ్లేవారికి ఆ చోటు సరిపోతుంది. ఊరిలో తిరగడానికి ఇరవై నాలుగు గంటల టికెట్టు (2024లో 120 కొరూనాలు ఉండేది) కొని, ఎక్కగానే యంత్రంలో ముద్ర వేయించుకోండి. ప్రాగ్ కోట టికెట్టుకు డబ్బు చాలకపోయినా వెళ్లి రండి, ఆవరణల్లోకి ప్రవేశం ఉచితం, 1344లో మొదలై 1929లో ముగిసిన సెయింట్ వైటస్ చర్చిని బయటి నుంచి ఎంతసేపైనా చూడవచ్చు.