ఇంకు ముందా, రంగు ముందా?

కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం (గుడ్డలు కట్టిన వెదురు చట్రాల ప్రభల్ని ఊళ్ల నుంచి భుజాల మీద మోసుకొచ్చే జాతర) చూసొచ్చి దాన్నే బొమ్మగా వేద్దామని కూర్చున్నారనుకోండి. రఫ్ స్కెచ్ దాకా పేచీ లేదు. అది మామూలు కాగితం మీద వేసుకుని, వెనక పెన్సిల్ రుద్ది, వాటర్‌ కలర్ షీటు మీదకి దింపుకుంటే చాలు. నేరుగా షీటు మీదే గీసి చెరిపారంటే పైపొర లేచిపోయి రంగు మచ్చలుమచ్చలుగా పడుతుంది. షీటు 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) ఉంటే మంచిది, పల్చనిదైతే తడికి ముడతలు పడుతుంది.

అసలు పేచీ ఆ తర్వాత. ముందు ఇంకు గీతలు వేసి రంగు నింపాలా, రంగు వేసి ఆరాక గీతలు వేయాలా?

ఇంకు ముందు వేస్తే ధైర్యం ఉంటుంది. ప్రభ వెదురు చట్రం, దాని మీద రంగురంగుల గుడ్డలు, మోసేవాళ్ల భుజాలు, ఏదీ రంగులో కొట్టుకుపోదు. కాకపోతే ఇంకు వాటర్‌ప్రూఫ్ అయి తీరాలి. మామూలు ఫౌంటెన్ పెన్ ఇంకైతే మొదటి బ్రష్షుకే నీలంగా కారిపోతుంది. వాటర్‌ప్రూఫ్ ఇంకు కూడా మన వైపు వానాకాలం గాలికి త్వరగా ఆరదు, పైకి ఆరినట్టే ఉండి బ్రష్షు తగలగానే బూడిద రంగు చార వదులుతుంది. అదే ఇంకుతో ఒక ముక్క మీద గీత గీసి, తడి వేలితో రుద్ది చూసుకుని దిగండి.

ఇక రంగు ముందు వేయడం. గంగలకుర్రు అగ్రహారం ప్రభ కౌశిక నది దాటే చోటు వేయాలంటే నాకు ఇదే నచ్చుతుంది, ఎందుకంటే అక్కడ నీళ్లకీ పొగమంచుకీ కొబ్బరితోటకీ మధ్య గీత లేదు, ముందే నల్లగా గీసేస్తే ఆ మెత్తదనం చచ్చిపోతుంది. తడి కాగితం మీద పచ్చ, నీలం వదిలితే వాటంతటవే కలుస్తాయి. ఇంకుకి అడ్డొచ్చిన ఆ తేమే ఇక్కడ కలిసొస్తుంది, రంగు నిదానంగా ఆరుతుంది కాబట్టి సర్దుకోడానికి టైమ్ దొరుకుతుంది. తొందరపడి తడి మీద నిబ్ పెట్టారో, గీత వేర్లలా పాకిపోతుంది. అరచేతి వెనక వైపు ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరనట్టే. పెన్సిల్ మాత్రం పల్చగా గీయాలి, రంగు కింద పడ్డ పెన్సిల్ గీత తర్వాత రబ్బరుకి లొంగదు.

కలర్ పెన్సిళ్లు, పోస్టర్ కలర్ ఎటైనా చివరే. మైనం ఉండే కలర్ పెన్సిల్ ముందు రాస్తే నీటి రంగు అక్కడ అంటదు. కౌశిక మీద ఎండ తళుకు కావాలంటే మాత్రం కావాలనే కొవ్వొత్తి ముక్కతో నాలుగు గీతలు గీసి పైన నీలం వేయండి, తెల్లగా అలాగే మిగులుతాయి. పోస్టర్ కలర్ తెలుపు మీద మళ్లీ తడి బ్రష్షు ఆడిస్తే కరిగి బురదవుతుంది, కాబట్టి దాని పైన ఇంకేం వేయకండి.

ఏది మేలంటే, ద్రాక్షారామం గుడి లాంటి రాతి పనికి ఇంకు ముందు. నీళ్లు, తోటలు, జనం కలిసిన ప్రభల తీర్థానికి రంగు ముందు, ఆరాక ప్రభకీ దగ్గరున్న మనుషులకీ మాత్రమే ఇంకు, దూరపు చెట్లని వదిలేయడం. ఇంట్లో ఉన్నది ఫౌంటెన్ పెన్ ఇంకొక్కటే అయితే ఏ బొమ్మకైనా రంగే ముందు.