క్లిప్పులు తీశాక మిగిలే తెల్లమచ్చలకు జీసీ టూత్ మూస్: చాలాకాలం వాడాక

పళ్లకు క్లిప్పులు తీయించాక బ్రాకెట్లు (పంటికి అతికించే బిళ్లలు) ఉన్నచోటు చుట్టూ సుద్దరంగు మచ్చలు, అంటే పుచ్చు తొలిదశ, మిగిలితే డాక్టర్లు తరచూ రాసిచ్చే క్రీమ్ ఇది. చాలాకాలంగా వాడుతున్న అనుభవంతో చెబుతున్నాను: మచ్చ పైపొర చెక్కుచెదరనంత వరకే దీనితో పని. గుంట పడితే పూడ్పించుకోవాల్సిందే.

ఇందులో అసలు సరుకు సీపీపీ-ఏసీపీ, 10 శాతం. అంటే పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ ముక్కలు, వాటికి పట్టి ఉన్న కాల్షియం, ఫాస్ఫేటు. దాన్ని రూపొందించింది మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ రేనాల్డ్స్ బృందం. కాల్షియం, ఫాస్ఫేటు ఊరికే కలిస్తే గట్టిపడి అడుగుకు దిగిపోతాయి. కేసీన్ ముక్కలు వాటిని అలా కానివ్వకుండా పట్టి ఉంచి, నోట్లో పులుపు పెరిగినప్పుడు వదులుతాయి. ఎనామిల్ (పంటి పైపొర) కరగడం మొదలయ్యేది పీహెచ్ (పులుపు కొలత, తగ్గితే పులుపు పెరిగినట్టు) సుమారు 5.5 దగ్గర కాబట్టి, అవసరమైన వేళకే ఖనిజం అందుతుంది.

రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుని, సందుల్లో దారం ఆడించాకే రాయాలి. పాచి మీద రాస్తే వృథా. పై వరసకు బఠానీ గింజంత, కింది వరసకు అంతే, శుభ్రమైన వేలితో. 3 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత నాలుకతో నోరంతా పులిమి ఇంకో 1-2 నిమిషాలు ఆగాలి. మిగిలింది ఉమ్మేయాలి, పుక్కిలించకూడదు. అరగంట దాకా మంచినీళ్లు కూడా వద్దు. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే, రుచి తియ్యగా ఉందని వెంటనే నోరు కడిగేస్తారు.

పన్ను ఆరితేనే కనబడే మచ్చ పైపైది, అది త్వరగా కలిసిపోతుంది. తడిలోనూ కనబడేది లోతైనది. నెలల తరబడి రాసినా దాని తెలుపు పూర్తిగా పోకపోవచ్చు. గరుకు తగ్గి నున్నగా మెరుస్తుంటే తెలుపు మిగిలినా పుచ్చు ఆగినట్టే లెక్క. పోల్చుకోవడానికి ఫొటోలు తీస్తే ఒకే వెలుతురులో, పన్ను అంతే సేపు ఆరాక తీయండి, లేకపోతే లేని మార్పు కనబడుతుంది. నల్లగొండ వైపు కనబడే ఫ్లోరోసిస్ మచ్చలు, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చేవి, వేరు. అవి పన్ను తయారయ్యేటప్పుడే పడినవి, ఉత్తగా ఇది రాస్తే పోతాయని ఆశపడొద్దు.

టూత్ మూస్ ప్లస్ అనే రకంలో 900 పీపీఎం (పది లక్షల్లో 900 భాగాలు) ఫ్లోరైడ్ ఉంటుంది, ఆరేళ్లలోపు పిల్లలకు వద్దు. పాల ప్రోటీన్ ఎలర్జీ ఉన్నవాళ్లు ఏ రకాన్నీ ముట్టుకోకూడదు. పాలు అరగకపోవడం మాత్రం వేరు, అది లాక్టోజ్ సమస్య.

ఫ్లోరైడ్ పూత, సీలెంట్ (పంటి గాడులను మూసే పూత), రెసిన్ చికిత్స (మచ్చలోకి ద్రవ రెసిన్ ఇంకించడం) అందుబాటులో ఉంటే వాటి బదులు దీన్ని వాడొద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2018 మార్గదర్శకాలు సూచించాయి. నా మాటా అదే. పేస్టు మానేసి దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే పళ్లకే నష్టం.