ఎయిర్ రెయిడా, రన్ అండ్ షూటా? హైస్కూల్ జట్టుకు ఏది మేలు?

ఆగస్టు వచ్చిందంటే చాలు, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే పిల్లలున్న మనవాళ్ల నుంచి నాకు ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. "అన్నా, మావాడి స్కూల్‌కి కొత్త కోచ్ వచ్చాడు, ఎయిర్ రెయిడ్ ఆడిస్తాడట, మంచిదేనా?" అని ఒకరు. "మా దగ్గర రన్ అండ్ షూట్ అంటున్నారు, అది పాతబడిపోయింది కదా?" అని ఇంకొకరు. పులాస్కీ అకాడమీ వీడియోలు చూసి "అసలు పంట్ కొట్టడమే మానేస్తే పోదా?" అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు నాకు తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను. కొత్తవాళ్లకు రెండు మాటలు: ఎయిర్ రెయిడ్, రన్ అండ్ షూట్ రెండూ బంతిని ఎక్కువగా విసిరి ముందుకెళ్లే పద్ధతులు. సెంటర్ బంతిని వెనక్కి అందించడం (స్నాప్)తో ఆట మొదలవుతుంది, క్వార్టర్‌బ్యాక్ దాన్ని రిసీవర్లకు విసురుతాడు. బంతి ఉన్నవాళ్లు ఆఫెన్స్, ఆపేవాళ్లు డిఫెన్స్. పది గజాలు సాధించడానికి నాలుగు ప్రయత్నాలు (డౌన్లు) ఉంటాయి; అవి చాలవనిపిస్తే బంతిని అవతలివాళ్లకు దూరంగా తన్నేయడమే పంట్.

నేనుండేది అర్కాన్సాలోని బెంటన్‌విల్‌లో. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న స్ప్రింగ్‌డేల్‌లోనే కోచ్ గస్ మాల్జాన్ హైస్కూల్ పిల్లలతో హడావుడి ఆట ఆడించి పేరు తెచ్చుకున్నాడు. పులాస్కీ అకాడమీ హైస్కూల్లో పంట్ కొట్టని కోచ్ కెవిన్ కెల్లీదీ ఈ రాష్ట్రమే, లిటిల్ రాక్. అందుకే ఇక్కడ శుక్రవారం రాత్రి స్టాండ్స్‌లో కూర్చున్న తాతలు కూడా స్ప్రెడ్ (ఆటగాళ్లను మైదానం వెడల్పంతా పరిచే పద్ధతి) గురించి వాదించుకుంటారు. గత రెండు వేసవులుగా మిడిల్ స్కూల్ పిల్లల సెవెన్ ఆన్ సెవెన్ (ఏడుగురితో పాస్‌లు మాత్రమే ఆడే ఆట) జట్టుకు నేను సాయం చేస్తున్నాను. ఏ పద్ధతి నేర్పాలో నేనే తేల్చుకోవాల్సి వచ్చింది కాబట్టి, కింద రాసేది విని చెప్పే మాట కాదు.

ముందు ఎ-ఎలెవెన్ అనే మరో పద్ధతి సంగతి, ఎందుకంటే దాన్ని త్వరగా పక్కన పెట్టేయొచ్చు. 2007లో కాలిఫోర్నియాలో ఓక్లండ్ పక్కనున్న పీడ్‌మాంట్ హైస్కూల్‌లో కర్ట్ బ్రయన్, స్టీవ్ హంఫ్రీస్ దీన్ని మొదలుపెట్టారు. సెంటర్ పక్కన ఇద్దరు, అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, ఏడు గజాల వెనక ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు. పదకొండు మందికీ పాస్ అందుకోగలిగే నంబర్లే. 50 నుంచి 79 దాకా నంబర్లున్న లైన్‌మెన్ (పాస్ అందుకోకూడని ముందు వరుసవాళ్లు) తప్పనిసరి అనే నియమానికి కిక్ ఫార్మేషన్లో (బంతి తన్నడానికి నిలబడే తీరులో) ఒక మినహాయింపు ఉండేది. దాన్ని వాళ్లు ప్రతి డౌన్‌లోనూ వాడుకున్నారు. స్నాప్ పడేసరికి నిజంగా పాస్ అందుకోగలిగేది ఆరుగురే. కానీ ఆ ఆరుగురు ఎవరో చివరి క్షణం దాకా డిఫెన్స్‌కు తెలియదు. చిన్న స్కూల్, బరువైన పిల్లలు లేరు, ఉన్నవాళ్లతోనే పెద్ద జట్లను ఎదుర్కోవాలి అన్న ఆలోచన నాకు ఇప్పటికీ నచ్చుతుంది. కానీ 2009 ఫిబ్రవరిలో హైస్కూల్ నియమాల కమిటీ ఆ మినహాయింపును బిగించేసింది. డాలస్ నుంచి అడిగేవాళ్లకు ఒక మాట: టెక్సాస్ హైస్కూళ్లు ఆడేది కాలేజీ నియమాలతో. ఆ నియమాల్లో నిజంగా కిక్ కొట్టే పరిస్థితి ఉంటేనే ఆ మినహాయింపు వర్తిస్తుంది. కాబట్టి అక్కడ అది మొదటి నుంచీ కుదరని పనే.

ఇక మిగిలినవి రెండు అసలు పోటీదారులు.

రన్ అండ్ షూట్ పుట్టిందే హైస్కూల్లో. 1958లో ఒహాయోలోని మిడిల్‌టౌన్‌లో టైగర్ ఎల్లిసన్ జట్టు సీజన్ మధ్యకొచ్చినా ఒక్క ఆటా గెలవలేదు. ఆయన బంతి దగ్గర సెంటర్‌ను ఒంటరిగా వదిలి, మిగతావాళ్లను మైదానమంతా పరిచేశాడు. ఆ వింత ఏర్పాటు పేరు లోన్‌సమ్ పోల్‌క్యాట్. దానితో ఆ ఏడాది మిగిలిన ఆటలన్నీ గెలిచారు. తర్వాత దాన్ని దిద్ది రన్ అండ్ షూట్ చేశాడు. ఆరెగన్‌లో మౌస్ డేవిస్ దాన్ని అందుకుని 1973లో హిల్స్‌బరో హైస్కూల్‌కు రాష్ట్ర టైటిల్ తెచ్చాడు, ఆ తర్వాత పోర్ట్‌లండ్ స్టేట్‌కు వెళ్లాడు. నలుగురు రిసీవర్లు, ఒక రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తేవాడు), టైట్ ఎండ్ (లైన్ పక్కనే నిలబడే రిసీవర్) లేడు. దీని ప్రాణమంతా ఒక్క విషయంలో ఉంది: రిసీవర్ తన దారిని పరిగెడుతూనే ఎంచుకుంటాడు. వెనక ఒకే సేఫ్టీ (డిఫెన్స్‌లో అందరికన్నా వెనక కాపలా ఉండేవాడు) ఉంటే స్లాట్ కుర్రాడు (లోపలి వైపు రిసీవర్) సీమ్‌లో, అంటే కాపలావాళ్ల మధ్య సందులో, నేరుగా పోతాడు. ఇద్దరుంటే వాళ్ల మధ్యలోకి వంగుతాడు. డిఫెన్స్ ఏం చేసినా దానికి జవాబు ఉంటుంది. కాగితం మీద ఇంతకన్నా అందమైన ఆట నాకు కనిపించలేదు.

ఎయిర్ రెయిడ్‌కూ హైస్కూల్ మూలం ఉంది. 1980లలో హాల్ మమ్మీ టెక్సాస్‌లోని కాపరస్ కోవ్ హైస్కూల్లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ పాసింగ్ ఆటను తనకు తగ్గట్టు మలుచుకున్నాడు. 1989లో అయోవా వెస్లియన్‌కు వెళ్లి మైక్ లీచ్‌తో కలిసి దానికి పూర్తి రూపం ఇచ్చాడు. తర్వాత ఇదే ఆడిన కెంటకీ, టెక్సాస్ టెక్ యూనివర్సిటీల కథలు అందరికీ తెలిసినవే. ఎన్‌ఎఫ్‌ఎల్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ కాలేజీలో ఆడింది కూడా ఈ వంశంలోనే. ఇందులో ఆటలు (ముందే అనుకున్న ఎత్తులు) కొన్నే: మెష్, వై-క్రాస్ (రిసీవర్ మైదానాన్ని అడ్డంగా దాటేది), స్టిక్, ఫోర్ వర్టికల్స్, స్క్రీన్లు, అంతే. కొత్తవి నేర్పరు, ఉన్నవాటినే వందలసార్లు ఆడిస్తారు.

ఈ రెంటిలో ఏది మేలో తేల్చేది నా దృష్టిలో ఒక్కటే: స్నాప్ పడ్డాక పదహారేళ్ల పిల్లాడు ఎన్ని నిర్ణయాలు తీసుకోవాలి, ఆ నిర్ణయం ఎంతమంది ఒకేలా తీసుకోవాలి?

మొదటి వేసవిలో నేను రన్ అండ్ షూటే నేర్పాను. మూడు వారాలు తెల్లబోర్డు మీద గీసి, కోన్లు పెట్టి, సేఫ్టీ ఒకడుంటే ఇలా, ఇద్దరుంటే అలా అని చెప్పాను. పిల్లలకు అర్థమైంది, అడిగితే సరిగ్గా చెప్పేవాళ్లు కూడా. కానీ ఆటలోకి దిగాక మా క్వార్టర్‌బ్యాక్‌కు ఇద్దరు సేఫ్టీలు కనిపించారు, అదే క్షణంలో స్లాట్‌లో ఉన్న మా అబ్బాయికి ఒక్కడే కనిపించాడు. బంతి మధ్యలోకి వెళ్లింది, మావాడు నేరుగా వెళ్లాడు, బంతి వెళ్లి అవతలివాడి చేతిలో పడింది. "నాన్నా, నేను తప్పు చేయలేదు" అన్నాడు ఇంటికొచ్చే దారిలో. నిజమే, వాడు చూసినదాని ప్రకారం వాడిది తప్పు కాదు. క్వార్టర్‌బ్యాక్‌దీ కాదు. ఇద్దరూ చెప్పినట్టే ఆడారు. అయినా బంతి పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఇద్దరు పిల్లలకూ దిద్దుకోమని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మరుసటి వేసవి మెష్‌తో మొదలుపెట్టాం. ఇద్దరు రిసీవర్లు రెండు వైపుల నుంచి దాదాపు ఆరు గజాల లోతులో, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా ఒకరినొకరు దాటుకుంటారు. మ్యాన్ కవరేజ్ (ఒక్కొక్కరికీ ఒకరు కాపలా) అయితే పరుగు ఆపకూడదు. జోన్ (ఒక్కొక్కరు ఒక్కో చోటికి కాపలా) అయితే ఖాళీ దొరికినచోట నిలబడి క్వార్టర్‌బ్యాక్ వైపు తిరగాలి. ఇక్కడా నిర్ణయం ఉంది, లేదని నేను అనను. కానీ అది ఒక్కటే, చిన్నది. పైగా తప్పు చేసినా విసిరేది ఆరు గజాల పాస్ కాబట్టి బంతి నేలమీద పడుతుంది తప్ప సాధారణంగా అవతలివాడి చేతిలోకి పోదు. క్వార్టర్‌బ్యాక్ కళ్లు ఎప్పుడూ ఒకే వరుసలో కదులుతాయి: ముందు కార్నర్ రూట్ (మూలవైపు లోతుగా పోయే రిసీవర్), అది లేకపోతే దాటుతున్నవాళ్లు.

దీనికి ఇంకో కారణం మైదానం నుంచే వస్తుంది. హైస్కూల్ నియమాల ప్రకారం 160 అడుగుల వెడల్పును హాష్ గీతలు (వీటి మీదో మధ్యలోనో బంతి పెట్టి ప్రతి ఆటా మొదలుపెడతారు) మూడు సమాన భాగాలు చేస్తాయి, అంటే ఒక్కోటి 53 అడుగుల 4 అంగుళాలు. బంతి ఎడమ హాష్ మీద ఉంటే కుడి పక్క గీత 106 అడుగులకు పైగా దూరం. కాలేజీలో అది 100 అడుగులే. ఆ దూరానికి గట్టి అవుట్ పాస్ (పక్క గీత వైపు తిరిగే రిసీవర్‌కు వేసేది) వేయగల చెయ్యి పదహారేళ్లకు నూటికి ఒకడికి ఉంటుందేమో. అదే మెష్‌లో, వై-క్రాస్‌లో ఆ ఖాళీ మనకే పనికొస్తుంది. రిసీవర్ దాన్ని పరిగెత్తి చేరుకుంటాడు, బంతి అంత దూరం ప్రయాణించనక్కర్లేదు.

ప్రాక్టీస్ సంగతి కూడా చెప్పాలి. ఎయిర్ రెయిడ్‌లో "రూట్స్ ఆన్ ఎయిర్" అని ఒక అభ్యాసం ఉంది. డిఫెన్స్ ఉండదు. ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు ఒకేసారి ఐదుగురు రిసీవర్లకు విసురుతారు, తర్వాత చోటు మారతారు. ఒక స్నాప్‌కు ఐదు బంతులు గాల్లో ఉంటాయి. మూడో వరసలో ఉండే పిల్లాడికి కూడా బంతి వస్తుంది. హైస్కూల్లో పిల్లలు నాలుగేళ్లే ఉంటారు, క్వార్టర్‌బ్యాక్ గ్రాడ్యుయేట్ అయిపోతాడు, ఆ ఏరియాలో ఉన్న పిల్లలే జట్టు. అలాంటిచోట వెనక నిలబడ్డవాడిని కూడా ప్రతిరోజూ తయారుచేసే పద్ధతికే నా ఓటు.

అలాగని ఎయిర్ రెయిడ్‌లో లోపాలు లేవని కాదు. గోల్ లైన్ దగ్గరకొచ్చేసరికి వెనక చోటు తగ్గిపోతుంది, ఆ ఖాళీల మీద బతికే ఆట ఇరుకైపోతుంది. నవంబర్ ప్లేఆఫ్స్‌లో వాన పడితే తడి బంతితో పదే పదే విసరడం కష్టం. రెండు టచ్‌డౌన్లు ముందున్నప్పుడు గడియారం కరిగించడం దీని స్వభావంలోనే లేదు. మూడు పాస్‌లు నేలమీద పడ్డాయంటే అర నిమిషంలో మన డిఫెన్స్ మళ్లీ మైదానంలో ఉంటుంది, అలసిపోయేది వాళ్లే. ఇక రన్ అండ్ షూట్ పక్షాన న్యాయంగా చెప్పాల్సింది ఒకటుంది. ఏడో తరగతి నుంచి హైస్కూల్ దాకా అందరూ అదే పద్ధతి నేర్పే ఊళ్లో, ఒకే క్వార్టర్‌బ్యాక్ అదే రిసీవర్లతో ఏళ్ల తరబడి కలిసి ఆడితే, దాన్ని ఆపడం చాలా కష్టం. మీ ఊరు అలాంటిదైతే నా మాట వినకండి.

ఇక కెవిన్ కెల్లీ పద్ధతి. 2003 నుంచి 2020 దాకా పులాస్కీ అకాడమీకి తొమ్మిది రాష్ట్ర టైటిళ్లు. ఫోర్త్ డౌన్‌లో దాదాపు ఎప్పుడూ పంట్ కొట్టేవాళ్లు కాదు, కిక్ఆఫ్ అంటే ఆన్‌సైడే (బంతి మళ్లీ తమకే దొరికేలా దగ్గరగా తన్నడం). 2011లో క్యాబట్ హైస్కూల్ మీద, క్యాబట్ ఆఫెన్స్ బంతి ముట్టుకోకముందే స్కోరు 29-0. 2015లో డాలస్ వెళ్లి హైలండ్ పార్క్ సొంత మైదానంలో వరసగా గెలిచిన 84 ఆటల రికార్డును ఆపారు. కానీ చాలామంది దీన్ని పై రెంటికీ బదులుగా చూస్తున్నారు, అక్కడే పొరపాటు. ఇది ఫోర్త్ డౌన్‌లో తీసుకునే నిర్ణయం, ఆఫెన్స్ వేరే ఉండాలి. నాలుగు డౌన్లలో పది గజాలు నమ్మకంగా సాధించగల ఆట చేతిలో ఉంటేనే అది పనిచేస్తుంది. పైగా అది ప్రైవేటు స్కూల్. కెల్లీ 2021లో ప్రెస్బిటేరియన్ కాలేజీకి వెళ్లినప్పుడు మొదటి రెండు ఆటల్లో స్కోర్ల వరద పారించి, సీజన్ 2-9తో ముగించాడు. నాకు మటుకు, అవతలివాళ్ల సగంలో ఉన్నప్పుడు పంట్ మానేయడం ఏ స్కూల్‌కైనా తగినదే. మన ఇరవై గజాల గీత దగ్గర మానేయడానికి కావాల్సిన ఆఫెన్స్ చాలా స్కూళ్ల దగ్గర లేదు.

మాల్జాన్‌ది వేగం. ఆట మొత్తం చివరి రెండు నిమిషాల్లా ఆడించడం. 2005లో స్ప్రింగ్‌డేల్ హైస్కూల్ 14-0తో టైటిల్ గెలిచింది. ఈ వేగాన్ని పై రెంటిలో దేనికైనా కలుపుకోవచ్చు. ఆటలు తక్కువున్న ఎయిర్ రెయిడ్‌కు ఇంకా బాగా అతుకుతుంది, ఎందుకంటే ఒక్క మాటతో ఆట పిలవొచ్చు. కాకపోతే బెంచ్ మీద మంది ఉండాలి. పద్దెనిమిది మందే ఉన్న జట్టుతో మూడో క్వార్టర్‌కు మనవాళ్లే ముందు ఆయాసపడతారు.

ఎమరీ అండ్ హెన్రీ, స్వింగింగ్ గేట్ లాంటి వింత ఫార్మేషన్లు ఒక్క ఆటకు పనికొచ్చే ఎత్తులు. అవతలి కోచ్ ప్రాక్టీస్‌లో పావుగంట వాటికి ఖర్చుపెడితే అదే లాభం. ఫ్లెక్స్‌బోన్ మంచిదే, కానీ అది పరుగుల కుటుంబం, వేరే చర్చ.

ఈ వేసవికి మా జట్టు జాబితాలో ఏడు ఆటలున్నాయి, అన్నీ ఎయిర్ రెయిడ్‌వే. వాటికి తోడు రన్ అండ్ షూట్ సీమ్ రూట్ ఒకటి మాత్రం ఉంచాను. అది మావాడికీ అదే క్వార్టర్‌బ్యాక్‌కే. వాళ్లిద్దరూ చలికాలమంతా పార్కులో కలిసి విసురుకున్నారు. మొన్న శనివారం ఇద్దరికీ ఒకే సేఫ్టీ కనిపించాడు.