లండన్ నడిబొడ్డున బస: అరవై దాటినవాళ్ల లెక్క వేరు

తక్కువ ఖర్చుతో లండన్ చూడాలంటే ఊరి చివర, నాలుగో జోన్‌లోనో ఐదో జోన్‌లోనో గది తీసుకోమంటారు. పాతికేళ్ల వాళ్లకు అది మంచి సలహానే. అరవై దాటిన మాబోటి వాళ్లకు మాత్రం పనికిరాదు. పొద్దున బయలుదేరి రాత్రి దాకా కాళ్ల మీద ఉండే ఓపిక మాకు లేదు. మధ్యాహ్నం గదికి వచ్చి, మందులు వేసుకుని, కాసేపు నడుము వాల్చి, సాయంత్రం మళ్లీ బయటికి వెళ్లగలగాలి. అందుకే నేను, మా ఆవిడ ఒకటో జోన్, అంటే ఊరి నడిబొడ్డు, దాటకూడదని ముందే అనుకున్నాం.

దీనికి లండన్ లాంటి ఊరు మరొకటి లేదనిపిస్తుంది. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, టేట్ మోడర్న్ వంటివి ప్రత్యేక ప్రదర్శనలకు తప్ప టికెట్ అడగవు. డబ్బు కట్టాం కదా అని ఒక్కరోజులో అంతా చూసేయాల్సిన పని లేదు. కాసేపు ఈజిప్టు గదుల్లో తిరిగి, అలసిపోతే వచ్చేసి, మర్నాడు అమరావతి శిల్పాల దగ్గర మొదలుపెట్టవచ్చు. కృష్ణా తీరం నుంచి అంత దూరం వెళ్లిన ఆ సున్నపురాతి ఫలకాల ముందు మేము చాలాసేపు నిలబడిపోయాం. బస నడిచి వెళ్లే దూరంలో ఉంటేనే ఇలా చూడగలం.

మొదట దిగింది పాడింగ్టన్ దగ్గర ఒక చిన్న హోటల్లో. ఆ వీధుల్లో తెల్లని పాత ఇళ్లు వరుసగా ఉంటాయి. వాటిలో చాలావాటిని హోటళ్లుగా మార్చారు, ధరలు కూడా అందుబాటులోనే ఉంటాయి. మాకు మూడో అంతస్తులో గది ఇచ్చారు. లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు, పెట్టె ఎత్తడానికి మనిషి లేడు. లిఫ్టు లేదన్న సంగతి బుకింగ్ పేజీలో ఎక్కడా రాయలేదు. వయసైన వాళ్లకు గది ఇచ్చేటప్పుడు చెప్పాల్సిన మొదటి మాట అది. ఇలాంటి కట్టడాలు చాలావరకు వారసత్వ జాబితాలో ఉంటాయి కాబట్టి లిఫ్టు పెట్టడం కష్టమే. కానీ ఆ సంగతి చెప్పడం కష్టం కాదు కదా! గది శుభ్రంగానే ఉంది, పొద్దుటి ఫలహారం కూడా బాగుంది. అయినా మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు ఆ చోటు వద్దంటాను.

మాకు బాగా నచ్చింది విశ్వవిద్యాలయ హాస్టల్. వేసవిలో విద్యార్థులు ఇళ్లకు వెళ్లిపోగానే లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ఇంపీరియల్ కాలేజీ వంటి సంస్థలు తమ గదులను సెప్టెంబరు దాకా బయటివాళ్లకు అద్దెకిస్తాయి. వయసు అడగరు. ఉండేది ఊరి మధ్యలోనే, అద్దె మాత్రం చుట్టుపక్కల హోటళ్ల కంటే బాగా తక్కువ. ఇంపీరియల్ గదులు హైడ్ పార్కు పక్కనే ఉంటాయి. సైన్స్ మ్యూజియం, నేచురల్ హిస్టరీ మ్యూజియం అక్కడి నుంచి నాలుగడుగులు. మేము దిగింది బ్రిటిష్ మ్యూజియం ఉన్న బ్లూమ్స్‌బరీ పేటలో. యూస్టన్ స్టేషన్ దగ్గరి డ్రమండ్ వీధిలో భారతీయ శాకాహార భోజనశాలలు ఉండటం మాకు కలిసొచ్చింది.

లోపాలు లేకపోలేదు. చాలా గదుల్లో మంచం ఒంటరివాళ్లకు సరిపోయేదే. చౌక గదులకు స్నానాల గది ఉమ్మడిగా ఉంటుంది. రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సిన వాళ్లు కొంచెం ఎక్కువ కట్టి విడి స్నానాల గది ఉన్నదే తీసుకోవాలి, ఆ డబ్బు వృథా కాదు. ఏసీ మామూలుగా ఉండదు. 2022 జూలైలో ఇంగ్లండ్‌లో ఎండ 40 డిగ్రీలు దాటింది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, చేరగానే ఫ్యాను అడగండి.

యూత్ హాస్టల్ పేరు చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. ఇంగ్లండ్‌లో వైహెచ్ఏ (యూత్ హాస్టల్స్ అసోసియేషన్) హాస్టళ్లకు గరిష్ఠ వయసు నిబంధన లేదు, విడి గదులు కూడా ఇస్తారు. సెయింట్ పాంక్రాస్ దగ్గర, బ్రిటిష్ లైబ్రరీకి ఎదురుగా ఒకటుంది. విద్యార్థి హాస్టళ్లు తెరవని నెలల్లో నేనైతే ముందు దాన్నే చూస్తాను.

బస ఎంచుకునేటప్పుడు స్టేషన్ ఎంత దూరమో చూస్తే చాలదు, అక్కడ లిఫ్టు ఉందో లేదో కూడా చూడాలి. కోవెంట్ గార్డెన్ స్టేషన్‌లో లిఫ్టులు పనిచేయకపోతే 193 మెట్లు ఎక్కాలి. 2022లో మొదలైన ఎలిజబెత్ లైన్ అనే రైలు మార్గంలో ప్రతి స్టేషన్‌కూ మెట్లెక్కే పని లేని దారి ఉంది. హీత్రూ విమానాశ్రయం నుంచి ఊరి మధ్యలోని టోటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు స్టేషన్‌కు అది నేరుగా వస్తుంది. హీత్రూ నుంచే వచ్చే పికడిల్లీ లైన్ మెట్రో కంటే టికెట్ ఎక్కువే అయినా, పెట్టెలతో దిగిన రోజున అదే మేలు. ఊళ్లో తిరగడానికి మాత్రం మాకు బస్సే హాయి. నేల బాగా దిగువగా ఉంటుంది, ముందు సీట్లు పెద్దవాళ్లకు వదులుతారు. నగదు తీసుకోరు, కార్డు తాకించాలి. మొదటి బస్సెక్కిన గంటలోపు ఇంకో బస్సు ఎక్కితే మళ్లీ చార్జీ పడదు.

గది ఖాయం చేసుకునే ముందు ఒక ఉత్తరం రాసి మూడు సంగతులు అడగండి: లిఫ్టు గది అంతస్తు దాకా వస్తుందా, వీధిలోంచి లిఫ్టు దాకా ఎన్ని మెట్లు, గది ఇచ్చే వేళకు ముందే చేరితే పెట్టెలు ఉంచుకుంటారా. మా హాస్టల్ వాళ్లు మర్నాడే జవాబిచ్చారు, కింది అంతస్తులో గది కేటాయించారు కూడా.